జురేమా రాసిన ఐదో పేరు

జురేమా ఏ ఇంటికి వెళ్ళినా ముందు మంచినీళ్ళు అడిగేది. దాహం వేసి కాదు. బెలేం నగరపు మధ్యాహ్నపు ఎండలో నడిచివచ్చిన మనిషి నీళ్ళడిగితే కాదనేవారు ఉండరు. ఆ గ్లాసు వచ్చే దారిలోనే ఆ ఇంటి సంగతి సగం బయటపడుతుందని ఆమె కనిపెట్టింది. నీళ్ళు మట్టి ఫిల్టరులోంచి వచ్చాయా, ఫ్రిజ్‌లోంచి వచ్చాయా? గ్లాసు దుకాణంలో కొన్న సెట్టులోదా, జున్ను నింపి అమ్మే గ్లాసును అది అయిపోయాక కడిగి దాచుకున్నదా? అన్నిటికన్నా ముఖ్యంగా, తలుపు తీసిన మనిషే లోపలికి వెళ్ళి తెచ్చిందా, లేక ఎవరినో కేకవేసి తెప్పించిందా? ఇంటింటికీ తిరిగి సర్వే ఫారాలు నింపే పనిలో కొత్తగా చేరిన ఎన్యూమరేటర్లకు ఆమె చెప్పే మొదటి పాఠం ఇదే. "నోరు చెప్పేది ఫారంలో రాయండి. గ్లాసు చెప్పేది బుర్రలో రాసుకోండి. రెండూ కలవకపోతే మళ్ళీ అడగండి," అనేది.

ఆమె పనిచేసిన సర్వే కార్యాలయంలో తనిఖీ విభాగం నా చేతిలో ఉండేది. ఎన్యూమరేటర్లు తెచ్చిన ప్రతి ఐదు ఫారాల్లో ఒకదాన్ని ఎంచి, ఆ ఇంటికి ఫోను చేసి, అవసరమైతే స్వయంగా వెళ్ళి సరిచూడటం నా పని. పంతొమ్మిదేళ్ళలో జురేమా నింపిన ఫారాలు రెండు వేలకు పైగా నా బల్ల మీదికి వచ్చి ఉంటాయి. వాటిలో ఒక్కటి కూడా తప్పుడుదని తేలలేదు. ఈ మాట ముందుగానే చెప్పడం న్యాయం.

మా వృత్తిని గురించి కొంత చెప్పాలి. దేశంలో ఎవరు ఏం కొంటున్నారు, ఏం తింటున్నారు, దేనితో తల రుద్దుకుంటున్నారు అన్నది కంపెనీలకు తెలియాలి. నీ ఆదాయమెంత అని సూటిగా అడిగితే మా దేశంలో జనం నిజం చెప్పరు. ఉన్నవాడు పన్నులవాడికీ దొంగకూ భయపడి తగ్గిస్తాడు. లేనివాడు పక్కింటివాళ్ళ చెవిన పడుతుందని పెంచుతాడు. అందుకని ఆదాయాన్ని వదిలిపెట్టి ఇంట్లోని సామాను లెక్కపెట్టే పద్ధతి వచ్చింది. స్నానాల గదికి ఇన్ని మార్కులు, ఫ్రిజ్‌కు ఇన్ని, కారుకు ఇన్ని, ఇంటిపెద్ద చదువుకు ఇన్ని. మొత్తం కూడితే ఆ కుటుంబం ఏ తరగతిదో చెప్పే ఒక అక్షరం వస్తుంది. ఆ పట్టికలో కారుకూ బట్టలుతికే మెషీనుకూ మధ్య ఇంకొక వరుస ఉండేది: నెల జీతానికి పనిచేసే పనిమనిషి. ఒకరుంటే మూడు మార్కులు. మనిషిని సామానుతో కలిపి లెక్కపెట్టడమేమిటని కొత్తవాళ్ళు అప్పుడప్పుడు అడిగేవారు. పట్టిక చేసినవాళ్ళకు గణితం తెలుసు, ఆ మూడు మార్కులు కుటుంబపు కొనుగోలు శక్తిని బాగానే పట్టిస్తాయి అని నేను జవాబు చెప్పేవాణ్ణి. అది తప్పు జవాబు కాదు.

ఒకసారి గ్వామా పేటలో జురేమా పనితీరు చూడటానికి వెంట వెళ్ళాను. ఒక లావుపాటి ఆవిడ గుమ్మంలో నిలబడి జవాబులు చెబుతోంది.

"స్నానాల గదులు రెండు. కానీ ఒకటి పైపు పగిలి రెండేళ్ళ నుంచి తాళం వేసుంది. అది లెక్కలోకి వస్తుందా?"

"వస్తుందమ్మా. మొగుడిలాంటిదే. పనిచెయ్యకపోయినా ఇంట్లో ఉంటే రాసుకోవాల్సిందే," అంది జురేమా.

ఆవిడ నవ్వుతూ వెనక్కి తిరిగి కేకేసింది. "వింటున్నావా? నిన్నూ రాసుకుంటుందంట."

"ఎన్ని మార్కులేస్తుందో అడుగు," అని లోపలినుంచి మగగొంతు వినిపించింది.

"ఎంతవరకు చదివాడో చెప్పమనండి. అప్పుడు చూద్దాం," అని జురేమా తరువాతి ప్రశ్నకు వెళ్ళింది. ఆ ఇంటినుంచి వచ్చిన జవాబులన్నీ తరువాత తనిఖీలో సరిపోయాయి. నవ్వించిన చోట జనం అబద్ధం తక్కువ చెబుతారు.

రెండు వేల తొమ్మిదిలో జురేమాకు యాభై ఒక్క ఏళ్ళు. భర్త లేడు, పిల్లలు లేరు. టెర్రా ఫిర్మె పేటలో ఒక గది, ఒక వంటిల్లు. ఎన్యూమరేటరుకు కూలి ఫారం లెక్కన ఇచ్చేవాళ్ళు. వాన పడ్డ పూట లేదు, జ్వరం వచ్చిన వారం లేదు. మా దేశంలో కష్టం చేసుకునే మనిషికి నీలం అట్ట వేసిన పని పుస్తకం ఒకటి ఉంటుంది. యజమాని అందులో సంతకం పెడితే సెలవూ, డిసెంబరులో పదమూడో జీతమూ, ముసలితనంలో పింఛనూ ఉంటాయి. పెట్టకపోతే ఆ మనిషి ఎంత పనిచేసినా చేయనట్టే. జురేమా పని పుస్తకం పదిహేడో ఏట తీసుకున్నది. అందులో ఒక్క పేజీ మీద కూడా సిరా పడలేదు.

ఆ ఏడు ఒక సబ్బుపొడి కంపెనీ కోసం పెద్ద సర్వే చేపట్టాం. సావో పాలో నుంచి పెద్ద ఆఫీసువాళ్ళు ఉత్తరం రాశారు: బెలేంలో ఎన్యూమరేటర్ల మీద ఒక పర్యవేక్షకురాలిని నియమిస్తాం, పని పుస్తకంలో సంతకంతో సహా, మీరు ఒక పేరు సూచించండి. నేను జురేమా పేరు రాశాను. ఒక షరతు పెట్టారు. ఈ సర్వేలో ఆమె ఫారాలన్నీ తనిఖీలో నిలబడాలి.

ఈ సంగతి ఆమెకు చెప్పాను. "యాభై ఒకటికి మొదటి సంతకం. మా వీధిలో దీన్ని పెళ్ళికన్నా పెద్ద కబురంటారు, సెవు ఆర్లిందు," అంది. మా ప్రాంతంలో వయసు మళ్ళిన మగవాణ్ణి పేరుకు ముందు 'సెవు' చేర్చి పిలవడం మర్యాద. ఆడవాళ్ళకైతే 'దోనా'.

"ఇంకా పడలేదు," అన్నాను.

"పెళ్ళిళ్ళలో కూడా మీరు ఇలాగే దీవిస్తారా?"

ఆ సర్వేలో ఒక నియమం ఉండేది. ముందు ఆ ఇంట్లో ఉండే పెద్దవాళ్ళందరి పేర్లూ పుట్టినరోజులూ రాసుకోవాలి. ఆ రోజునుంచి లెక్కిస్తే ఎవరి పుట్టినరోజు ముందుగా వస్తుందో వాళ్ళనే ప్రశ్నలు అడగాలి. తలుపు తీసినవాళ్ళనో, తీరిక ఉన్నవాళ్ళనో అడిగితే నమూనా ఒకవైపు వంగిపోతుంది. ఈ నియమం మంచిది. దాని మీద నాకు ఫిర్యాదు లేదు.

తనిఖీకి ఎంచిన ఫారాల్లో బతిస్తా కాంపుస్ ప్రాంతంలోని ఒక అపార్ట్‌మెంటు నుంచి జురేమా తెచ్చింది ఉంది. తొమ్మిదో అంతస్తు. స్నానాల గదులు నాలుగు, కార్లు రెండు, పనిమనిషి లేదు. కుటుంబ సభ్యుల గడిలో 'నాలుగు' అని రాసి, కొట్టివేసి, 'ఐదు' అని దిద్ది ఉంది. దిద్దిన చోట ఎన్యూమరేటరు సంతకం ఉండాలి. లేదు. ఐదో పేరు బెనెదీతా. వయసు యాభై మూడు. చదువు లేదు. పుట్టినరోజు జూన్ పదమూడు. మిగతా పన్నెండు పేజీల ప్రశ్నలకూ జవాబులు చెప్పింది ఆ బెనెదీతాయే.

ఇంటావిడ దోనా ఎల్వీరాకు ఫోను చేశాను.

"మీ ఇంట్లో ఐదుగురు ఉంటారు కదండీ?"

"నలుగురం. నేను, మావారు, ఇద్దరు పిల్లలు. ఆ వచ్చినావిడకి అదే చెప్పాను. నా కళ్ళముందే రాసుకుంది. నాకు గోళ్ళు దిద్దించుకునే వేళయితే వెళ్ళిపోయాను."

"బెనెదీతా అని మరి?"

"బెనె మా దగ్గర ఉండే మనిషి. దాని పేరు మీ కాగితాల్లోకి ఎలా వచ్చింది?"

మరునాడు మధ్యాహ్నం నేనే వెళ్ళాను. రోజూ వచ్చే వాన ఇంకా మొదలవలేదు. దోనా ఎల్వీరా అరవై దాటిన మనిషి. ముప్ఫై ఏళ్ళు ఆడపిల్లల బడిలో పాఠాలు చెప్పి విశ్రాంతి తీసుకుంటోంది. మర్యాదగా కూర్చోబెట్టి, తల తిప్పకుండానే, "బెనె, కాఫీ," అంది.

వంటింటి వైపునుంచి ఒక పొట్టి మనిషి పళ్ళెం పట్టుకుని వచ్చింది. జుట్టుకు గుడ్డ కట్టుకుంది, కాళ్ళకు రబ్బరు చెప్పులు. చక్కెర ఎంత అని నన్ను అడగలేదు. దోనా ఎల్వీరా వైపు చూసింది. ఆవిడ రెండు వేళ్ళు చూపించింది. రెండు చెంచాలు వేసింది.

"ఈమె మీ పనిమనిషా?" అని అడిగాను.

"అయ్యో, పనిమనిషేమిటండీ. పన్నెండేళ్ళప్పుడు మరజో దీవి నుంచి పడవలో తెచ్చి మా అమ్మ చేతిలో పెట్టారు. వాళ్ళమ్మకి తొమ్మిదిమంది, తిండి పెట్టలేకపోయింది. మా అమ్మ పెంచింది. అమ్మ పోయాక నాకొచ్చింది. నన్ను మద్రీన్యా అని పిలుస్తుంది. చర్చి లెక్కన జ్ఞానతల్లిని కదా మరి. నా కూతురనుకోండి."

"జీతం ఏమైనా?"

"కూతురికి జీతమిస్తారా? అడిగిందల్లా కొనిపెడతాను. పళ్ళు కట్టించాను. పోయినేడు పిత్తాశయంలో రాళ్ళొస్తే ప్రైవేటు ఆసుపత్రిలో ఆపరేషను చేయించాను. మా అమ్మ ఇచ్చిన గొలుసు అమ్మాను దానికోసం. పనిమనిషికి ఎవరు చేస్తారండీ అలా?"

ఇది అబద్ధం కాదు. ఆపరేషను మాట, గొలుసు మాట రెండూ నిజమేనని నేను తరువాత విచారించి తెలుసుకున్నాను.

"అయితే ఇంట్లో ఐదుగురన్నమాట."

"ఐదుగురెలా అవుతాం? నలుగురం."

చేతికి ఎన్ని వేళ్ళు అని అడిగితే చెప్పినట్టు చెప్పింది. ఆమె గొంతులో కపటం లేదు. కపటం ఉంటే నా పని తేలికయ్యేది. ఆమె ఏదీ దాచడం లేదు. లెక్కపెట్టేటప్పుడు ఆ మనిషి ఆమెకు నిజంగానే కనబడటం లేదు.

నేను బెనెదీతా వైపు తిరిగాను. "అమ్మా, పోయిన మంగళవారం ఒకావిడ వచ్చి నిన్ను కూర్చోబెట్టి ప్రశ్నలడిగిందా? బట్టలుతకడం గురించి?"

ఆమె పళ్ళెం వైపు చూసింది.

"చెప్పవే. అయ్యగారు నిన్నేం తినెయ్యరు," అంది దోనా ఎల్వీరా.

"నన్నెవరడుగుతారయ్యా? మంచినీళ్ళడిగింది. ఇచ్చాను. అంతే."

"విన్నారు కదా. దీనికి అబద్ధం ఆడటం చేతకాదు."

వాన మొదలైంది. బెనెదీతా పరుగున వెళ్ళి వెనక వరండాలో ఆరేసిన దుప్పట్లు తీసింది. కాఫీ బాగుంది. పూర్తిగా తాగి వచ్చాను.

కార్యాలయంలో ఆ ఫారాన్ని మళ్ళీ మొదటినుంచీ చదివాను. ఒక ఎన్యూమరేటరు ఇంట్లో కూర్చుని కల్పించే ఫారాలు నేను చాలా చూశాను. అవి నున్నగా ఉంటాయి. ఇది అలా లేదు. సబ్బుపొడి ఎక్కడ ఉంచుతారు అన్న ప్రశ్నకు, "బిస్కెట్ల రేకు డబ్బాలో, బియ్యపు గింజలు నాలుగు వేసి, లేకపోతే ఈ తేమకి రాయవుతుంది" అని ఉంది. మెషీను ఎన్నిసార్లు వాడతారు అన్నదానికి, "తువ్వాళ్ళకే. చొక్కాలు, దోనా గారి పట్టుబట్టలు చేతితోనే. అన్నీ మెషీనే ఉతుకుతుందని ఆవిడ అనుకుంటారు, నేను చెప్పలేదు" అని ఉంది. మీకు స్వేచ్ఛ ఉంటే ఏ రకం ఎంచుకుంటారు అన్న గడిలో మూడు మాటలకే చోటుంది. జురేమా అంచు వెంబడి సన్నగా రాసింది: "ఎప్పుడూ ఎవరూ అడగలేదు. కాస్త ఆగండి, ఆలోచించుకోనివ్వండి." దాని కింద, కొంత చోటు వదిలి: "పసుపు డబ్బాది. వాసన తక్కువే గానీ చేతులు పగలవు."

ఈ జవాబులు కల్పితం కావని నాకు ఆ క్షణంలోనే తెలుసు. తెలియడం వేరు, రుజువు కావడం వేరు.

మరునాడు జురేమాను పిలిచాను. భోజనాల వేళ. ఆమె తెచ్చుకున్న గిన్నెలో ముదురు ఊదారంగు అసాయీ పళ్ళ రసం పోసుకుని, కర్రపెండలం పిండి కలుపుకుంటోంది. పక్కన వేయించిన చేపముక్క.

"నాలుగుని ఐదు చేశావు. దిద్దిన చోట సంతకం లేదు," అన్నాను.

"మర్చిపోయాను. తప్పే, రాసుకోండి."

"బెనెదీతా నీకు జవాబులు చెప్పలేదంది. నీళ్ళు మాత్రం ఇచ్చానంది."

"అప్పుడు ఇంటావిడ పక్కనే ఉందా?"

"ఉంది."

"మరింకేం." చేపముక్క విరిచింది. "మాన్యువల్లో ఏముందో చెప్పండి, సెవు ఆర్లిందు. మీకు కంఠతా వచ్చు కదా."

"వారంలో ఎక్కువ రాత్రులు ఆ ఇంట్లో పడుకుంటూ, ఆ ఇంటి నుంచి జీతం తీసుకోని ప్రతి మనిషీ కుటుంబ సభ్యుడే."

"జీతం తీసుకుంటుందా?"

"లేదు."

"ఎక్కడ పడుకుంటుంది?"

"నేను చూడలేదు."

"నేను చూశాను. ఇస్త్రీ బల్ల పక్కన. ఇస్త్రీ బల్ల కూడా పట్టికలో ఉండుంటే దానికైనా మార్కులు పడేవి."

నిర్వచనం ఆమె పక్షాన ఉంది. సాక్ష్యం ఆమెకు వ్యతిరేకంగా ఉంది. ఇంటావిడ ఒప్పుకోలేదు, జవాబులు చెప్పిన మనిషే ఒప్పుకోలేదు, దిద్దిన అంకె పక్కన సంతకం లేదు. ఈ మూడూ ఉంటే ఫారాన్ని కల్పితంగా పరిగణించాలన్నది కూడా ఆ మాన్యువల్లోనే ఉంది. ఆ మాట ఆమెకూ తెలుసు. కొత్తవాళ్ళకు ఆ పేజీ చదివి వినిపించేది ఆమే.

"ఒక కాగితం రాసివ్వు," అన్నాను. "పనిమనిషిని ఇంటిమనిషిగా పొరబడ్డానని. ఫారం రద్దు చేస్తాను. ఇంకొకరిని పంపి దోనా ఎల్వీరా చేత నింపిస్తాను. పొరపాటు వేరు, కల్పన వేరు. పొరపాటు చేసినందుకు ఈ ఉద్యోగం పోదు. ఆ మాట నేను సావో పాలోకి చెప్పగలను."

"జీతం లేని పనిమనిషి ఎక్కడుంది? పనిమనిషి కాదని ఆవిడే అంది. ఇంటిమనిషీ కాదంది. మరేమని రాయను? ఫ్రిజ్ అని రాయనా?"

"జురేమా, ఎకసెక్కం వద్దు. నీ పని పుస్తకం సంగతి ఆలోచించు."

"ఆలోచించకుండా ఉన్నానా? మూడు వారాల నుంచి ఇంకో ఆలోచన లేదు."

ఆమె గిన్నె పక్కన పెట్టింది. తరువాత చెప్పిన మాటలు గొంతు పెంచకుండా, ఎవరో మూడో మనిషి ఫారం చదివినట్టు చెప్పింది.

"నన్నూ అలాగే తెచ్చారు. ఎనిమిదో ఏట, కమెటా వైపు నుంచి. నజరే వీధిలో డాక్టరుగారి ఇల్లు. ఒకరోజు జనాభా లెక్కలాయన వచ్చాడు. నేను వంటింటి తలుపు వెనక ఉన్నాను. ఎంతమంది అని అడిగితే మద్రీన్యా ఆరుగురం అంది. నేను ఒక్కొక్కళ్ళ పేరూ చెప్పుకుంటూ వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాను. ఏడొచ్చింది. నాకు లెక్కలు రావనుకున్నాను. అప్పుడే కొత్తగా నేర్చుకుంటున్నాను, వాళ్ళ పిల్లలు చదువుకుంటుంటే విని. మళ్ళీ లెక్కపెట్టాను. మళ్ళీ ఏడే. మూడోసారి నన్ను తీసేసి లెక్కపెట్టాను. సరిపోయింది."

నేను బల్ల మీది ఫారాన్ని నా వైపు తిప్పుకున్నాను.

"పదిహేడో ఏట పారిపోయి వచ్చేశాను. అందుకే ఈ పనిలో చేరానని అనుకునేరు. అదేం లేదు. నేను పనిచేసే బిస్కెట్ల ఫ్యాక్టరీ మూసేశారు, ఇక్కడ ఖాళీ ఉందన్నారు, వచ్చాను."

"ఈ సంగతి ముందే చెప్పి ఉంటే ఆ ఇంటికి ఇంకొకరిని పంపేవాణ్ణి."

"ఇంకొకళ్ళయితే నలుగురని రాసుకొచ్చేవాళ్ళు. మీకు ఫోను ఖర్చు మిగిలేది." ఆమె లేచి గిన్నె మూత పెట్టింది. "పొరబడ్డానని నేను రాస్తే ఆ మనిషి అక్కడ లేనట్టే కదా. నా చేతులతో నేను తీసెయ్యను, సెవు ఆర్లిందు. తీసెయ్యాలంటే మీరు తీసెయ్యండి. మీ బల్ల మీదే ఉంది, కలం కూడా ఉంది."

రెండు రోజులు ఆ ఫారం నా దగ్గర ఉంచుకున్నాను. మూడో మార్గం ఒకటి ఉండేది. తనిఖీ అధికారి తన పేరుతో ఒక వివరణ రాసి, సాక్ష్యం ఇలా ఉంది, నా అభిప్రాయం ఇలా ఉంది అని సావో పాలోకి పంపవచ్చు. నిబంధనల్లో ఆ వీలుందని నాకు తెలుసు. అంతకుముందు పదిహేనేళ్ళలో దాన్ని ఎవరూ వాడలేదు. వాడితే ప్రతి ఎన్యూమరేటరూ దొరికిపోయినప్పుడల్లా తన కథ ఒకటి చెప్పి వివరణ అడుగుతుంది, తనిఖీకి అర్థం ఉండదు అనుకున్నాను. ఆ ఆలోచనలో తర్కం ఉంది. ఇవాళ కూడా దాన్ని తర్కంతో కొట్టివేయలేను. శుక్రవారం నాడు 'కల్పితం' అన్న గడిలో గుర్తు పెట్టి సంతకం చేశాను.

ఆ గుర్తు పడితే ఉద్యోగం రాకపోవడంతో ఆగదు. సర్వే కార్యాలయాలన్నీ అలాంటి పేర్లు ఒకదానికొకటి పంపుకుంటాయి. జురేమాకు బెలేంలో మళ్ళీ ఎవరూ ఫారం ఇవ్వలేదు. పర్యవేక్షకురాలిగా వచ్చిన అమ్మాయికి ఇరవై ఆరేళ్ళు, కాలేజీలో గణాంకాలు చదివింది, మంచి పిల్ల. ఆ అపార్ట్‌మెంటుకు వేరొకరు వెళ్ళారు. నలుగురు సభ్యులు, పనిమనిషి లేదు, పుట్టినరోజు లెక్కన జవాబులు చెప్పింది దోనా ఎల్వీరా. సబ్బుపొడి ఎక్కడ ఉంచుతారన్న ప్రశ్నకు 'తెలియదు'. ఏది ఎంచుకుంటారన్నదానికి 'మంచి వాసన వచ్చేది'. ఆ ఫారాన్ని కూడా నేనే తనిఖీ చేశాను. ప్రతి జవాబూ సరిపోయింది.

నవంబరులో ఒక హోటల్లో సర్వే ఫలితాలు చూపించారు. నన్నూ పిలిచారు. తెర మీద పడ్డ ఒక గ్రాఫు బొమ్మ అందరికీ నచ్చింది. పై తరగతి ఇళ్ళలో పనిమనుషులు తగ్గిపోతున్నారు, ఇల్లాలే స్వయంగా ఉతుక్కుంటోంది, ఆమెకు శ్రమ కాదు, సువాసన ముఖ్యం అని వివరించారు. దేశం మారుతోందని కంపెనీ ప్రతినిధి ఒకాయన సంతోషించాడు. అలాంటి ఇళ్ళు ఎన్ని, వాటిలో వంటింటి తలుపు వెనక ఎంతమంది ఉన్నారు అన్నది నేను చెప్పలేను. ఒక్క ఇంటి సంగతే నాకు తెలుసు, ఒక్క ఇంటిని పట్టుకుని మొత్తాన్ని కాదనడం మా శాస్త్రంలో నేరం. నేను మాట్లాడలేదు. మరుసటి ఏడు ఆ కంపెనీ వాసన పెంచిన కొత్త పొడి అమ్మింది. చేతులు పగులుతాయన్న మాట నివేదికలో ఎక్కడా లేదు.

క్రిస్మస్‌కు వారం ముందు జురేమా కార్యాలయానికి వచ్చింది. అప్పటికి నది రేవు దగ్గర ఒక దుకాణంలో రోజుకూలికి అసాయీ పళ్ళు పిసికి రసం తీసే పని చేస్తోంది. గోళ్ళు ఊదారంగుకు తిరిగి ఉన్నాయి. కూర్చోమంటే కూర్చోలేదు.

"ఆ ఫారం మీ దగ్గరే ఉంటుంది కదా. నాకిస్తారా?" అని అడిగింది.

"రద్దయిన ఫారంతో నీకేం పని?"

"నాక్కాదు. దోనా బెనెదీతా ఆదివారాలు ప్రార్థనకి చర్చికొస్తుంది. ఇంటావిడ వెనకాలే వస్తుంది, వెనక బల్ల మీద కూర్చుంటుంది. మొన్న మెల్లిగా అడిగింది, నేను చెప్పిందంతా అచ్చయిందా అమ్మా అని. మీ ముందు జవాబులు చెప్పలేదన్నందుకు తనని తిట్టుకోవద్దని కూడా అంది. తన పేరు కాగితం మీద ఎప్పుడూ చూళ్ళేదంట. చదవడం రాదనుకోండి. చూపిస్తే చాలంది."

బెనెదీతాను 'దోనా' అని పిలవగా నేను వినడం అదే మొదటిసారి.

"ఇవ్వకూడదు. ఫారంలోని వివరాలు గోప్యం," అన్నాను.

"ఎవరికి గోప్యం?"

"ఆ ఇంటివాళ్ళకి."

"రద్దు చేసిందే ఆవిడ ఆ ఇంటిమనిషి కాదని కదా."

నేను నిబంధనల పుస్తకం తీశాను. నిబంధన చదివి వినిపించాను. ఆమె చివరిదాకా విని, తల ఊపి, మెట్లు దిగి వెళ్ళింది. కాగితాలు దాచాల్సిన ఏడాది గడువు పూర్తయ్యాక, ఆ ఫారంతో సహా సర్వేవన్నీ బస్తాల్లో కట్టి, తూకం వేయించి, గుజ్జు మిల్లుకు పంపించాం. పంపే ముందు ఏ ఫారమూ బయటికి పోలేదని ఒక్కొక్క బస్తా విప్పించి చూసి సంతకం చేయాలి. చేశాను.